చెల్లెమ్మ మాత్రల సంగతి

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరం అందింది. నాలుగు పేజీలు రాశావు గానీ అందులో ఒక్క వాక్యం రెండు రోజులుగా నా మనసులోనే తిరుగుతోంది. "ఇది మగవాళ్ళ మందు, నాకు పడదు" అంటూ చెల్లెమ్మ కొలెస్ట్రాల్ మాత్రలు ఆపేసిందన్నావు. ఒకే రోజున, ఒకే డాక్టరుగారు, మీ ఇద్దరికీ ఒకే మాత్రను ఒకే మోతాదులో రాసిచ్చినా నీకు ఏ ఇబ్బందీ కలగలేదని, ఆమెకు మాత్రం నెల తిరగకుండానే తొడలు, పిక్కలు పీకడం మొదలైందని, ఇంతకీ ఈ మందు ఆడవాళ్ళ ఒంట్లో మగవాళ్ళలో లాగే పని చేస్తుందా లేదా తేల్చి చెప్పమని అడిగావు. ముప్పై ఏళ్ళు ఫార్మకాలజీ పాఠాలు చెప్పినవాణ్ణి కనుక నన్ను అడగడం నీకు సహజమే. నేను జవాబు రాస్తున్నది మాత్రం ఆ పాఠాల బలంతో కాదు, మా ఇంట్లో జరిగిన ఒక సంగతి వల్ల. దాన్ని కాసేపట్లో చెబుతాను.

ముందుగా తేల్చవలసింది తేల్చేస్తాను. మీ ఇద్దరికీ రాసిన కొలెస్ట్రాల్ మాత్ర స్టాటిన్ అనే రకం మందు. అది చెల్లెమ్మ ఒంట్లోనూ నీ ఒంట్లో చేసిన పనే చేస్తుంది, గుండెపోటు నుంచీ పక్షవాతం నుంచీ ఆమెనూ దాదాపు అంతే కాపాడుతుంది. తేడాలు ఉన్న మాట నిజమే కానీ అవి మందు బలంలో కన్నా, అవసరం ఏ వయసులో వస్తుంది, రక్తంలో ఎంత మందు నిలుస్తుంది, ఏ ఇబ్బందులు ఎదురవుతాయి, ఆ ఇబ్బందులు చెప్పినప్పుడు ఎదుటివాళ్ళు ఎంత శ్రద్ధగా వింటారు అన్న విషయాల్లోనే ఎక్కువగా ఉన్నాయి.

కొలెస్ట్రాల్‌ను తయారు చేసే పనిలో పెద్ద భాగం కాలేయానిది. స్టాటిన్ ఆ తయారీలో కీలకమైన ఒక ఎంజైమును అడ్డుకుంటుంది. లోపల సరుకు తగ్గిన కాలేయ కణాలు, బయట రక్తంలో తిరుగుతున్న ఎల్‌డీఎల్‌ను, అంటే చెడు కొలెస్ట్రాల్‌ను, పట్టుకోవడానికి తమ ఉపరితలం మీద రిసెప్టర్లను పెంచుకుంటాయి. ఆ రిసెప్టర్లు ఎంత ఎక్కువైతే రక్తంలో ఎల్‌డీఎల్ అంత తగ్గుతుంది. ఇప్పుడు అసలు విశేషం విను. స్త్రీల శరీరంలోని ఈస్ట్రోజెన్ కూడా సహజంగా ఇదే పని చేస్తుంది, కాలేయంలో ఈ రిసెప్టర్లను పెంచుతుంది. నెలసరి సక్రమంగా ఉన్నన్నాళ్ళూ చాలామంది స్త్రీలలో ఎల్‌డీఎల్ అదే వయసు పురుషుల కన్నా తక్కువగా, మంచి కొలెస్ట్రాల్ అనుకునే హెచ్‌డీఎల్ ఎక్కువగా ఉండడానికి ఇదొక ముఖ్య కారణం. అందుకే హెచ్‌డీఎల్ తక్కువ అని చెప్పే గీతను కూడా పురుషులకు 40 దగ్గర, స్త్రీలకు 50 దగ్గర గీస్తారు. నెలసరి ఆగిపోయే ఆ ఏడాది అటూ ఇటూగా ఈ రక్షణ సడలిపోయి ఎల్‌డీఎల్ ఒక్కసారిగా పెరుగుతుంది. "మూడేళ్ళ క్రితం దాకా రిపోర్టు శుభ్రంగా ఉండేది, తిండిలో ఏం తప్పు చేశానో" అని చెల్లెమ్మ బాధపడుతోందని రాశావు కదా, ఆమె ఏ తప్పూ చేయలేదని నా మాటగా చెప్పు. ఆ పెరుగుదల వయసు మలుపుతో వచ్చింది.

గుండెపోటు మొదటిసారి వచ్చే వయసు కూడా స్త్రీలలో పురుషుల కన్నా సుమారు 9 ఏళ్ళు వెనక ఉంటుంది. ఈ ఆలస్యమే ఒక పెద్ద అపోహకు మూలమైంది. నలభై దాటిన మగవాడికి గుండెజబ్బు రావడం చూసి చూసి, అది మగవాళ్ళ జబ్బేనని లోకం తీర్మానించుకుంది. ఆ వెనకాలే వైద్య పరిశోధన కూడా నడిచింది. 1966లో అమెరికాలో మొదలైన కరోనరీ డ్రగ్ ప్రాజెక్టులో 8,341 మంది చేరితే అందరూ గుండెపోటు వచ్చిన పురుషులే. స్త్రీలను గుండెజబ్బు నుంచి కాపాడుతున్నది ఈస్ట్రోజెన్ అన్న ఊహతో ఆ మగవాళ్ళలో కొందరికి ఈస్ట్రోజెన్ ఇచ్చి చూశారు, అది మేలు చేయకపోగా కీడు చేస్తోందని తెలిసి ఆపేశారు. స్త్రీల హార్మోనును పరీక్షించిన ఆ ప్రయోగంలో ఒక్క స్త్రీ లేదన్న విషయం తలచుకున్నప్పుడల్లా నాకు కష్టంగానే ఉంటుంది. 1984లో కొలెస్టిరమిన్ అనే కొలెస్ట్రాల్ మందు ఫలితాలు వచ్చినప్పుడు అందులోని 3,806 మందీ పురుషులే. 1987లో జెమ్‌ఫిబ్రోజిల్ అనే మరో మందు మీద వచ్చిన హెల్సింకీ అధ్యయనంలో 4,081 మందీ పురుషులే. 1995 నాటి ప్రసిద్ధమైన స్కాట్లాండ్ స్టాటిన్ అధ్యయనంలోని 6,595 మందీ పురుషులే. చెల్లెమ్మ నోట వచ్చిన "మగవాళ్ళ మందు" అన్న మాట ఊరికే పుట్టలేదు, ఇంత చరిత్ర దాని వెనక ఉంది.

ఆ మాటకు మరింత బలం ఇచ్చినది 1994 నాటి స్కాండినేవియా అధ్యయనం. దీని గురించి కొంచెం వివరంగా చెప్పక తప్పదు, ఎందుకంటే అంకెలను ఎలా చదవకూడదో అక్కడ బాగా కనబడుతుంది. అప్పటికే గుండెజబ్బు ఉన్న 4,444 మందిలో సగం మందికి సిమ్‌వాస్టాటిన్ అనే స్టాటిన్, సగం మందికి మందేమీ లేని ఉత్తుత్తి మాత్ర ఇచ్చి అయిదేళ్ళకు పైగా గమనించారు. మొత్తం మీద మరణాలు 30 శాతం తగ్గాయి. స్టాటిన్లు ప్రాణాలు నిలుపుతాయని లోకం నమ్మింది అప్పటి నుంచే. వాళ్ళలో స్త్రీలు 827 మంది మాత్రమే. స్త్రీలలో ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో 25 మంది, అసలు మందు వేసుకున్నవారిలో 27 మంది చనిపోయారు. ఇది చూసి "ఆడవాళ్ళ ప్రాణాలను స్టాటిన్ కాపాడదు" అన్నవాళ్ళు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. అయితే మొత్తం 52 మరణాలతో ఏ నిర్ణయానికైనా ఎలా వస్తాం? రెండు మూడు మరణాలు అటు ఇటైతే తీర్పు తిరగబడే చోట అంకె మౌనంగా ఉందని అనుకోవాలి తప్ప కాదన్నదని అనుకోకూడదు. అదే స్త్రీలలో గుండెపోటు వంటి పెద్ద సంఘటనలను లెక్కిస్తే, అవి ఎక్కువ సంఖ్యలో జరిగాయి కనుక, మందు వాడినవారిలో సుమారు మూడో వంతు తగ్గినట్టు స్పష్టంగానే కనబడింది.

ఆ తరువాత స్త్రీలను ఎక్కువమందిని చేర్చుకున్న అధ్యయనాలు వచ్చాయి. 2002లో ఫలితాలు వచ్చిన బ్రిటన్ హార్ట్ ప్రొటెక్షన్ స్టడీలో 20,536 మందిలో 5,082 మంది స్త్రీలు. జపాన్‌లో 2006లో ఫలితాలు వెలువడిన 'మెగా' అనే పేరున్న అధ్యయనంలో అయితే మూడింట రెండు వంతులు స్త్రీలే. 2008 నాటి జూపిటర్‌లో 17,802 మందిలో 6,801 మంది స్త్రీలు, అందులో రోసువాస్టాటిన్ వల్ల ప్రమాదం పురుషుల్లో 42 శాతం తగ్గితే స్త్రీలలో 46 శాతం తగ్గింది. చివరికి 2015లో 27 అధ్యయనాల్లోని 1,74,149 మంది వివరాలను ఒక్కచోట పోసి లెక్క కట్టారు, వారిలో స్త్రీలు 46,675 మంది. లీటరుకు ఒక మిల్లీమోల్, అంటే మన రిపోర్టు లెక్కలో దాదాపు 39 పాయింట్లు ఎల్‌డీఎల్ తగ్గిన కొద్దీ పెద్ద గుండె, రక్తనాళాల ప్రమాదాలు పురుషుల్లో 22 శాతం, స్త్రీలలో 16 శాతం తగ్గాయి. ఆ రెండు అంకెల మధ్య తేడా, ఇతర ఆరోగ్య పరిస్థితులను సరిచూసి లెక్కిస్తే, నిలబడలేదు. ఏ కారణం వల్ల వచ్చిన మరణమైనా పురుషుల్లో 10 శాతం, స్త్రీలలో 9 శాతం తగ్గింది. ఇంత తెలిసిన తరువాత కూడా 1994 నాటి ఆ 52 మరణాలను పట్టుకుని వేలాడడం న్యాయం కాదు. ఇంకో సంగతి కూడా ఉంది. గుండె రక్తనాళాల్లో పేరుకున్న కొవ్వు గారను లోపలి నుంచి అల్ట్రాసౌండుతో కొలిచిన సాటర్న్ అధ్యయనంలో, బలమైన మోతాదు స్టాటిన్ రెండేళ్ళు వాడాక ఆ గార పురుషుల కన్నా స్త్రీలలోనే ఎక్కువ కరిగింది. ఈ మాట చెల్లెమ్మకు తప్పకుండా చెప్పు.

ఇక పీకుల సంగతికి వస్తాను. స్టాటిన్ వాడేవాళ్ళలో కండరాల నొప్పులు చెప్పేవారు స్త్రీలలోనే ఎక్కువ. వయసు మళ్ళడం, సన్నని చిన్న శరీరం, థైరాయిడ్ మందగించడం, మూత్రపిండాలో కాలేయమో సరిగా లేకపోవడం, స్టాటిన్‌తో పడని వేరే మందులు వాడుతుండడం, ఇవన్నీ ఆ ప్రమాదాన్ని పెంచేవి. వీటిలో కొన్ని స్త్రీలలో ఎక్కువగా కలిసి వస్తాయి. ఎనభై కిలోల నీకూ, యాభై కిలోలైనా లేని ఆమెకూ ఒకే మోతాదు ఇచ్చినప్పుడు రక్తంలో చేరే మందు ఒకేలా ఉంటుందని అనుకోలేం. అటార్వాస్టాటిన్‌నే తీసుకుంటే, స్త్రీల రక్తంలో దాని గరిష్ఠ స్థాయి పురుషుల కన్నా సుమారు 20 శాతం ఎక్కువ, మొత్తం మీద శరీరానికి అందే పరిమాణం మాత్రం సుమారు 10 శాతం తక్కువ. ఎల్‌డీఎల్ తగ్గడంలో దీనివల్ల చెప్పుకోదగ్గ తేడా రాదు కనుక స్త్రీలకు వేరే మోతాదు అంటూ ఎక్కడా నిర్ణయించలేదు. అయితే మనిషిని చూసి మోతాదు ఎంచుకోవడానికి డాక్టరుకు ఎప్పుడూ వీలుంది, ఆ వీలును అడిగి మరీ వాడుకోవాలి.

ఇప్పుడు మా ఇంటి సంగతి. ఆరేళ్ళ క్రితం మా ఆవిడకు ఎల్‌డీఎల్ 172 వచ్చింది. అటార్వాస్టాటిన్ 40 మిల్లీగ్రాములు రాశారు. అయిదారు వారాలకు ఆమె మెట్లు ఎక్కేటప్పుడు గోడ పట్టుకోవడం నేను చూశాను. "కాళ్ళలో సత్తువ లేదండీ, ఈ మాత్ర మొదలుపెట్టినప్పటి నుంచే" అని రెండుసార్లు చెప్పింది. రెండుసార్లూ "వయసు వచ్చింది కదా" అన్నాను. నొప్పి ఎక్కడ, ఎప్పటి నుంచి, రెండు కాళ్ళలోనూ సమానంగా ఉందా, ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. విద్యార్థులకు ఈ మందు దుష్ప్రభావాల పట్టికను కంఠతా చెప్పించినవాణ్ణి, ఇంట్లో మనిషి చెబితే వినిపించుకోలేదు. మూడు నెలల తరువాత మళ్ళీ పరీక్ష చేయిస్తే ఎల్‌డీఎల్ 170. మందు పని చేయడం లేదనుకుని డాక్టరుగారు మోతాదు రెట్టింపు చేద్దామన్నారు. ఆ సాయంత్రం చొక్కా గుండీ ఊడితే సూదీ దారం కోసం ఆమె కుట్టు పెట్టె తెరిచాను. దారపు ఉండల కింద వరుసగా మాత్రల పట్టీలు ఉన్నాయి. మొదటి పట్టీలో కొన్ని గుంటలే ఖాళీగా ఉన్నాయి, మిగతావాటి వెనక రేకు మెరుస్తూ, ఎక్కడా చిరగకుండా అలాగే ఉంది. "చెబితే మీరు వినలేదు కదా" అని ఒక్క మాటే అంది. ఆ మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు.

మరుసటి వారం అన్నీ దాచకుండా డాక్టరుగారికి చెప్పాము. ఆయన థైరాయిడ్ పరీక్ష రాశారు. అందులో చూసే టీఎస్‌హెచ్ అనే హార్మోను 11 దాటి ఉంది. అంటే థైరాయిడ్ మందగించి ఉంది, మందగించిన థైరాయిడ్ కొలెస్ట్రాల్‌ను పెంచుతుంది, స్టాటిన్ వాడితే కండరాల నొప్పికీ దారి తీస్తుంది. రెండు నెలలు థైరాయిడ్ లోటు తీర్చే థైరాక్సిన్ వాడేసరికి ఎల్‌డీఎల్ దానంతటదే 150కి దిగింది. అప్పుడు రోసువాస్టాటిన్ 5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టారు. మూడు నెలలకు 94. అప్పటి నుంచి ఇప్పటి దాకా ఆమె ఒక్క రోజు కూడా మానలేదు, మెట్లూ ఎక్కుతోంది. ఆ రోజు కుట్టు పెట్టె తెరవకపోతే, వేసుకోని మాత్ర మోతాదును పెంచి, అసలు జబ్బైన థైరాయిడ్‌ను అలాగే వదిలేసేవాళ్ళం.

న్యాయంగా రెండో వైపు కూడా చెప్పాలి. స్టాటిన్ వాడుతూ నొప్పి వస్తే ప్రతి నొప్పీ స్టాటిన్ వల్లే వచ్చిందని కాదు. 2022లో 1,23,940 మంది వివరాలను కలిపి చూస్తే, కండరాల నొప్పులు చెప్పినవారు స్టాటిన్ వాడినవారిలో 27.1 శాతం, ఉత్తుత్తి మాత్ర వాడినవారిలో 26.6 శాతం. అంటే ఆ నొప్పుల్లో పదింట తొమ్మిదికి పైగా మందుతో సంబంధం లేనివే. 2020 నాటి సామ్‌సన్ అధ్యయనం మరీ కళ్ళు తెరిపించేది. ఇబ్బందుల వల్ల స్టాటిన్ మానేసిన 60 మందికి నాలుగు నెలలు స్టాటిన్, నాలుగు నెలలు ఉత్తుత్తి మాత్ర, నాలుగు నెలలు ఏ మాత్రా లేకుండా, ఏ నెల ఏది అన్నది కలగాపులగంగా మార్చి ఇచ్చారు. మాత్ర లేని నెలల్లో వాళ్ళ బాధ 8 మార్కులైతే, ఉత్తుత్తి మాత్ర నెలల్లో 15.4, స్టాటిన్ నెలల్లో 16.3. బాధ నిజంగానే పెరిగింది, కానీ దాదాపు అంతా మాత్ర వేసుకున్నామన్న శంక వల్ల పెరిగింది. తమ అంకెలు తాము చూసుకున్నాక వాళ్ళలో సగం మంది మళ్ళీ మందు మొదలుపెట్టారు. దీన్ని నువ్వు "అంతా నీ భ్రమ" అని చెల్లెమ్మకు చెప్పడానికి వాడుకోవద్దు. శంక వల్ల వచ్చిన నొప్పి కూడా నొప్పే, కాలికి తెలిసే నొప్పే. పరీక్ష చేసి కారణం వెతకడం మన పని. కండరాలు నిజంగా దెబ్బతినే స్థితి అయితే చాలా అరుదు, 10,000 మంది అయిదేళ్ళు వాడితే సుమారు 5 మందికి వస్తుంది. మూత్రం బాగా ముదురు రంగులో రావడం, లేవలేనంత నీరసం, ఇలాంటివి కనబడితే మాత్రం ఆ రోజే డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళు.

షుగర్ గురించి నువ్వు అడగలేదు గానీ చెబుతాను. స్టాటిన్ వల్ల మధుమేహం బయటపడే అవకాశం కొంచెం పెరుగుతుంది, 10,000 మంది అయిదేళ్ళు వాడితే 50 నుంచి 100 మందికి అదనంగా వస్తుంది. జూపిటర్‌లో ఈ పెరుగుదల పురుషుల్లో కన్నా స్త్రీలలో ఎక్కువగా కనబడింది. వీళ్ళలో ఎక్కువమంది అప్పటికే మధుమేహం గడప దగ్గర ఉన్నవాళ్ళు. చెల్లెమ్మ తల్లికి షుగర్ ఉండేదని నాకు గుర్తు. అందువల్ల మందు మానడం కాదు, ఏడాదికోసారి హెచ్‌బీఏ1సీ, అంటే రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష, చేయించుకోవడం మంచిది.

స్టాటిన్ ఎంత మార్చి చూసినా పడకపోతే దారులు మూసుకుపోలేదు. పేగుల నుంచి కొలెస్ట్రాల్ లోపలికి చేరకుండా ఆపే ఎజెటిమైబ్ ఉంది. 2015లో 18,144 మంది మీద ఫలితాలు వచ్చిన ఇంప్రూవ్-ఇట్ అధ్యయనంలో దాన్ని స్టాటిన్‌కు జోడిస్తే స్త్రీలలో ప్రమాదం 12 శాతం, పురుషుల్లో 5 శాతం తగ్గింది, అయితే ఆ తేడా యాదృచ్ఛికం కాదని గట్టిగా చెప్పగలిగేంత పెద్దది కాదు. ఎల్‌డీఎల్ తగ్గించడానికి చర్మం కింద ఇచ్చే పీసీఎస్‌కే9 రకం ఇంజెక్షన్లు కూడా ఉన్నాయి, అవి స్త్రీలలో ఎల్‌డీఎల్‌ను పురుషుల్లో కన్నా కొద్దిగా తక్కువ తగ్గిస్తాయి, గుండెకు మేలు మాత్రం ఇద్దరికీ దాదాపు సమానమే. మీ అమ్మాయికి కూడా కొలెస్ట్రాల్ ఎక్కువని రాశావు కనుక ఒక్క మాట. గర్భం దాల్చాలనుకున్నప్పుడు, గర్భిణిగా ఉన్నప్పుడు, పాలిచ్చేటప్పుడు సాధారణంగా స్టాటిన్ ఆపుతారు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2021లో గర్భిణులకు సంబంధించిన అతి తీవ్రమైన హెచ్చరికను తీసేయించింది, అంటే తెలియక కొన్నాళ్ళు వేసుకున్నా కంగారు పడనక్కర లేదు, కానీ చాలామంది విషయంలో ఆపమన్న సలహా అలాగే ఉంది. పెళ్ళి మాటలు నడుస్తున్నాయన్నావు కదా, అమ్మాయి ఈ సంగతి తన డాక్టరుతో ముందే మాట్లాడుకోవాలి.

నాకు అన్నిటికన్నా ఎక్కువ బాధ కలిగించే తేడా మందులో లేదు, మనుషుల్లో ఉంది. అమెరికాలో 5,693 మంది మీద చేసిన ఒక పరిశీలనలో, స్టాటిన్ అవసరమైన పురుషుల్లో 78.4 శాతం మందికి అది అందుతుంటే స్త్రీలలో 67 శాతం మందికే అందుతోంది. అసలు ఎవరూ ఆ మందు ఊసే ఎత్తలేదన్నవారు పురుషుల్లో 13.5 శాతం అయితే స్త్రీలలో 18.6 శాతం. మొదలుపెట్టి మానేసినవారు పురుషుల్లో 6.1 శాతం, స్త్రీలలో 10.9 శాతం. ఆ చివరి అంకె చదివినప్పుడు నాకు దారపు ఉండల కింద మెరిసిన రేకే కళ్ళ ముందు కదిలింది.

అందువల్ల నువ్వు చేయవలసింది చెబుతాను. చెల్లెమ్మను మళ్ళీ అదే మాత్ర వేసుకోమని బలవంతపెట్టవద్దు, ఆమె ఆపేసిన సంగతి డాక్టరుగారి దగ్గర దాచవద్దు. మాత్ర మొదలుపెట్టిన తేదీ, నొప్పి మొదలైన తేదీ, ఆపేశాక ఎన్ని రోజులకు తగ్గిందో, అసలు తగ్గిందో లేదో ఒక కాగితం మీద రాయించు. ఆమె వాడే మిగతా మందులన్నీ వెంట తీసుకువెళ్ళు. టీఎస్‌హెచ్, కండరాల ఎంజైము అయిన సీపీకే పరీక్షల గురించి అడుగు. గర్భవతిగా ఉన్నప్పుడు ఆమెకు బీపీ బాగా పెరిగి ఆసుపత్రిలో ఉంచారని నాకు గుర్తుంది. ఆ సంగతి గుండెజబ్బు ప్రమాదాన్ని పెంచే వాటిలో ఒకటిగా వైద్య మార్గదర్శకాలే చెబుతున్నాయి, ముప్పై ఏళ్ళనాటిది కదా అని వదిలేయకుండా చెప్పండి. తక్కువ మోతాదుతో వేరే స్టాటిన్ మొదలుపెట్టవచ్చా అని ఆమెనే అడగనివ్వు. ఆ గదిలో నువ్వు ఆమె తరఫున మాట్లాడకు, పక్కన కూర్చో.

రిపోర్టులు రాగానే ఫోటో తీసి పంపు. ఆదివారం సాయంత్రం మా ఆవిడ చెల్లెమ్మకు ఫోన్ చేస్తానంటోంది, మనిద్దరం లేకుండా మాట్లాడుకుంటామని కూడా చెప్పమంది.

నీ మిత్రుడు